అడుగు పడే సీటు: లో-వింగ్ విమానంలో ఎక్కడం, దిగడం, మరకలు – ఒక కేస్ స్టడీ

తలుపుల్లేని లో-వింగ్ విమానంలో, అంటే రెక్కలు బాడీ అడుగున ఉండే విమానంలో, సీటు మెట్టుగా కూడా పనికొస్తుంది. రెక్క మీద నిలబడి, కానపీ (కాక్‌పిట్ మీద మూసే పారదర్శక కప్పు) అంచు దాటించి కాలు లోపల పెడితే అది పడేది నేరుగా కుషన్ మీదే. డిజైనే అలా ఉన్నప్పుడు పైలట్ల అజాగ్రత్త అని కొట్టిపారేస్తే సీటు శుభ్రపడదు.

ఈ కేసులోని విమానం ఆర్‌వీ-7 తరహా హోమ్‌బిల్ట్, అంటే కిట్ కొని సొంతంగా కట్టుకునే రకం. పక్కపక్కన రెండు సీట్లు, వెనక్కి జరిగే కానపీ, సీటు ముందు భాగాన్ని చీల్చుకుని పైకొచ్చే కంట్రోల్ స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర). సీట్లకు లేత బూడిద రంగు నేత గుడ్డ, లోపల టెంపర్ ఫోమ్ (నొక్కితే నెమ్మదిగా తిరిగి లేచే స్పాంజి). కొందరు కలిసి వాడుకునే విమానం, ఉండేది గడ్డి మీద. మరకలు పోవడం లేదు, కుషన్ మధ్యలో గుడ్డ పలచబడుతోంది, కొత్త కవర్లు కుట్టించాలా అన్నది యజమానుల ప్రశ్న.

కుట్టించవచ్చు. కానీ కారణం పట్టుకోకపోతే కొత్త కవర్లకూ అదే గతి. అందుకే మొదట సీట్లు విప్పి, మరకలు ఎక్కడున్నాయో, గుడ్డ ఎక్కడ అరిగిందో విడివిడిగా గుర్తులు పెట్టి చూడటం జరిగింది. రెండూ ఒకే చోట లేవు.

మరక ఎక్కేటప్పుడు, అరుగుదల దిగేటప్పుడు

ఎడమ సీటు పైలట్ ఎడమ రెక్క వెనక అంచు నుంచి ముందుకు నడిచి వస్తాడు. కాక్‌పిట్ అతనికి కుడివైపున ఉంటుంది కాబట్టి ముందు లోపలికి వెళ్లేది కుడికాలు. అది కుషన్ మధ్యలో, స్టిక్ కోసం కోసిన గాడికి వెనగ్గా పడుతుంది. తర్వాత ఎడమకాలు అంచు దాటి, స్టిక్‌కు ఎడమ పక్క నుంచి కాక్‌పిట్ నేల మీదికి దిగుతుంది. ఆ దారిలో బూటు పక్క భాగం కుషన్ ఎడమ ముందు మూలను రాసుకుంటూ పోతుంది. గడ్డి పసరు, బురద, ఇంజన్ ఆయిల్ మరకలన్నీ సరిగ్గా ఈ రెండు చోట్లే ఉన్నాయి. కుడి సీటులో అవే మరకలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి.

అరుగుదల సంగతి వేరు. గుడ్డ పలచబడిన చోటు ఒక వంపుగా, నెలవంక ఆకారంలో ఉంది. నిటారుగా పెట్టి తీసిన అడుగు అలాంటి ఆకారం ఇవ్వదు. అది తిప్పిన అడుగు. దిగేటప్పుడు మనిషి రెండు కాళ్లూ వెనక్కి ముడుచుకుని, కుషన్ మీద మడమలు ఆనించి పైకి లేస్తాడు. రెక్క మీద నుంచి దిగాల్సింది వెనకవైపుకి కాబట్టి, ఇంకా బరువంతా ఒంటికాలి మీద ఉండగానే ఒళ్లు అటు తిప్పేస్తాడు. బూటు కింద ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా చాలు, గుడ్డ పోగుల్ని అది అక్కడికక్కడే కోసేస్తుంది.

బరువు లెక్క కూడా చూడాలి. 80 కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే, బూటు అడుగు సుమారు 160 చదరపు సెంటీమీటర్లు అనుకున్నా, చదరపు సెంటీమీటరుకు అర కిలో పడుతుంది. మడమ మీదే ఆనితే అది దాదాపు మూడింతలు. కూర్చున్నప్పుడు పడేది అర కిలోలో ఐదో వంతు కూడా ఉండదు. కూర్చోవడానికి కుట్టిన గుడ్డ, కూర్చోవడానికి ఎంచిన ఫోమ్ ఈ పనికి నిలబడటం లేదంటే ఆశ్చర్యం లేదు. పైగా టెంపర్ ఫోమ్ చలిలో బిగుసుకుపోతుంది, వేడికి మెత్తబడుతుంది. ఎండలో నిలిపి ఉంచిన విమానంలో కాలు పెడితే మడమ అడుగు దాకా దిగిపోతుంది, గుడ్డ కుట్ల దగ్గర సాగిపోతుంది.

ఇసుక ఎక్కడిది

నేల మీద బూట్లు తుడుచుకునే పట్ట వేయడం అందరికీ మొదట తట్టే ఉపాయం. ఇక్కడా అదే చేశారు. రెక్క వెనక కొబ్బరి పీచు పట్ట ఒకటి ఉండేది. బురద తగ్గింది, సన్నటి నల్ల రేణువులు మాత్రం తగ్గలేదు. కుషన్‌ను తెల్ల కాగితం మీద దులిపి భూతద్దంతో చూస్తే అవి మట్టి కాదు, వింగ్ వాక్ నుంచి రాలిన గరుకు పొడి. జారకుండా ఉండటానికి రెక్క మొదట్లో అంటించే ఆ గరుకు పూత పాతబడ్డ కొద్దీ రాలుతుంది, బూటు అడుగున రబ్బరులో దిగబడుతుంది. గుడ్డను కోసేది ప్రధానంగా అదే. నేల మీద ఎంత తుడుచుకున్నా, తుడుచుకున్న తర్వాత నడిచేది ఆ పూత మీదే కదా.

కాబట్టి తుడవాల్సిన చోటు ఆఖరి అడుగు. పట్టకూ సీటుకూ మధ్య ఇంకేమీ ఉండకూడదు. నేల మీద పట్టతో ఇంకో చిక్కు కూడా ఉంది. అందరికంటే చివర ఎక్కేది పైలటే అయినప్పుడు దాన్ని తీసేవాళ్లు ఉండరు. ప్రొపెల్లర్ గాలికి అది వెనక ఉన్న విమానం మీదికి ఎగిరిపోతుంది.

దీనికి కుదిరిన పద్ధతి ఇది. 40×60 సెంటీమీటర్ల టర్కీ టవల్‌ను తడిపి గట్టిగా పిండి, వింగ్ వాక్ లోపలి చివర, కాక్‌పిట్ పక్కన పరచాలి. టవల్ మొత్తం గరుకు పూత మీదే ఉండాలి. కొంత భాగం నున్నటి పెయింట్ మీదికి వచ్చినా కాలు జారుతుంది. ఒక మూలకు కుట్టిన తాడును కాక్‌పిట్ లోపలికి వేసి ఉంచాలి. టవల్ మీద రెండు బూట్లూ తొక్కి, మడమ అంచుతో సహా రుద్ది, అక్కడి నుంచే లోపలికి అడుగు వేయాలి. కూర్చున్నాక తాడు లాగితే టవల్ లోపలికి వస్తుంది. దాన్ని మడిచి జిప్ సంచిలో పెట్టేస్తే సరి. రాలుతున్న పాత వింగ్ వాక్‌ను తీసేసి కొత్తది వేయడం కూడా ఈ పనిలో భాగమే. అది సీటు పనిగా ఎవరికీ కనిపించదు కానీ, నా దృష్టిలో మొదట చేయాల్సింది అదే.

కప్పి చూస్తే ఏమైంది

ముందుగా వాడి వదిలేసినవి రెండున్నాయి. ఒకటి సీటు మీద మామూలు టవల్. మురికి కొంత ఆపుతుంది, బరువును మాత్రం పంచదు. కాలు తిప్పినప్పుడు టవల్ కూడా కాలితో పాటే తిరుగుతుంది కాబట్టి మనిషి తూలతాడు. వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం స్టిక్ దగ్గర. కూర్చున్న తర్వాత ఉండకట్టిన టవల్ స్టిక్‌కూ కుషన్‌కూ మధ్య చేరితే స్టిక్ పూర్తిగా వెనక్కి రాదు. ట్యాక్సీలో, అంటే నేల మీద నడిపేటప్పుడు, అది తెలియదు. ల్యాండింగ్‌లో ముక్కు ఎత్తాల్సిన క్షణంలో తెలుస్తుంది.

రెండోది ఎలాస్టిక్‌తో తొడిగే కవర్. చూడటానికి నీటుగా ఉంటుంది కానీ దాని కిందికి ఇసుక చేరి, అసలు గుడ్డను కనపడకుండా అరగదీస్తుంది. బెల్టు బకిల్ దూరే చోటును మూసేస్తుంది, స్టిక్ గాడి దగ్గర ముడతలు పడుతుంది. ఇంకొకటి. టైప్ సర్టిఫికేట్ (డిజైన్‌కు ప్రభుత్వ ఆమోదం) ఉన్న విమానంలో సీటు గుడ్డకు మంటను తట్టుకునే గుణం ఉండాలి, దానికి పరీక్ష కాగితం ఉండాలి. ఎగురుతున్నప్పుడు కూడా సీటు మీదే ఉండే కవర్‌కు అదే నియమం వర్తిస్తుంది. హోమ్‌బిల్ట్‌కు ఆ నిర్బంధం లేకపోయినా మంట తేడా చూపదు. ఏ గుడ్డ అయినా కుట్టించే ముందు ఒక ముక్కను బయట కాల్చి చూడటం మంచిది. కరిగి బొట్లు బొట్లుగా కారుతూ మండే గుడ్డతో సీటు కవర్ కుట్టించకూడదు.

చివరికి నిలిచింది అడుగు ప్యాడ్. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రమే సీటు మీద ఉండి, ఇంజన్ స్టార్ట్‌కు ముందే సంచిలోకి వెళ్లిపోయే వస్తువు.

ప్యాడ్ తయారీ

పరిమాణం 30×40 సెంటీమీటర్లు. మధ్యలో 3 మిల్లీమీటర్ల మందం హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీట్. దీని బరువు సుమారు 340 గ్రాములు, గుడ్డతో కలిపి అర కిలో లోపే. ప్లైవుడ్ కూడా పనిచేస్తుంది కానీ అది వంగదు. కుషన్ వంపు మీద ఊగుతుంది, ఊగే చెక్క మీద ఒంటికాలు పెట్టడం కవర్ అరగడం కంటే పెద్ద సమస్య. హెచ్‌డీపీఈ కొద్దిగా వంగి కుషన్ ఆకారంలో కూర్చుంటుంది, మడమ బరువును చుట్టూ పంచుతుంది. మూలలు 25 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా కోసి, అంచుల్ని గరుకు కాగితంతో నున్నగా చేయాలి. లేకపోతే ప్యాడ్ అంచే కుషన్‌ను కోస్తుంది.

పైన మందపాటి నైలాన్ కాన్వాస్, తుడిస్తే శుభ్రమయ్యేది. కింది వైపే అసలు తిప్పలు. జారకుండా ఉండే రబ్బరు జల్లెడ మ్యాట్లు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి అందరూ అవే అంటిస్తారు. వాటిలోని పీవీసీ మెత్తదనం కోసం కలిపే రసాయనం వేడికి బయటికి వచ్చి, వినైల్‌నో లెదర్‌నో పట్టుకుని పచ్చటి మరక వేస్తుంది. మరక ఆపడానికి పెట్టినదే మరక వేస్తుందన్నమాట, అదీ పోని మరక. సిలికోన్ చుక్కలు అచ్చు వేసిన గుడ్డ గానీ, గరుకు వైపు బయటికి ఉంచి కుట్టిన తోలు గానీ ఈ ఇబ్బంది పెట్టవు. ఏది వాడినా, ప్యాడ్‌ను ఎండలో నిలిపిన విమానంలో సీటు మీద వదిలేయకూడదు.

ప్యాడ్‌కు బయటివైపు పొట్టి అంచున 60 సెంటీమీటర్ల ఎర్ర పట్టీ కుట్టాలి. ముందు అంచున కుడితే లాగినప్పుడు ప్యాడ్ స్టిక్‌కు తగులుకుంటుంది. పక్కకే లాగాలి. పట్టీ రెండో చివరను కానపీ తాళంచెవి కొక్కేనికి తగిలిస్తే, ప్యాడ్ తీయకుండా కానపీ మూయడం కుదరదు. ఈ ఒక్క ఏర్పాటు చెక్‌లిస్ట్‌లో రాసిన మాట కంటే బాగా పనిచేసింది. అయినా చెక్‌లిస్ట్‌లో రాశారు: ప్యాడ్, టవల్ – సంచిలో, స్టిక్ – అన్ని వైపులా చివరిదాకా, పెడళ్లు – రెండు వైపులా పూర్తిగా. సంచిని సీటు వెనక కట్టేయాలి. వదులుగా పడేస్తే అది పెడళ్ల కిందికి చేరే రోజు వస్తుంది.

ఎక్కే వరుస

బెల్టులు ముందు. భుజం పట్టీలు సీటు వెనక్కి, నడుము పట్టీలు రెండు పక్కలకు. బకిల్ మీద కాలు వేస్తే చీలమండ మెలిపడుతుంది, సీటు చిరుగుతుంది. పట్టీలో దూరిన ఇసుక దాని పోగుల్ని కూడా కోస్తుంది కాబట్టి బెల్టును తొక్కనివ్వకూడదు. తలుపులున్న విమానాల్లో పక్కకు సర్దిన బెల్టు బయట వేలాడుతుండగానే తలుపు మూసేయడం ఉంది. గాల్లోకి వెళ్లాక అది బాడీకి టపటపా కొట్టుకుంటుంటే, ఇంజన్‌కే ఏదో అయిందని కంగారు పడి దించేసినవాళ్లు ఉన్నారు.

ఎడమ సీటుకు: ఎడమ చేయి, కుడి చేయి రెండూ రోల్ బార్ (విమానం తిరగబడితే తలను కాపాడే గట్టి లోహపు కడ్డీ) మీద. కానపీ అంచు పట్టుకోకూడదు. సీటు వెనక పలక పై అంచు మీద బరువంతా వేయకూడదు, అది ఆనుకోవడానికి చేసింది, నొక్కడానికి కాదు. కుడికాలు ప్యాడ్ మీద, పాదమంతా ఆనేలా. ఎడమ మోకాలు బాగా పైకెత్తి, ముందు మూలకు తగలకుండా నేల మీదికి. బరువు ఎడమకాలికీ చేతులకూ మార్చి కుడికాలు స్టిక్ దాటించాలి. ఇప్పుడు కూర్చోబోయే ముందు, వంగి ఉన్నప్పుడే, ఎడమ చేత్తో పట్టీ లాగితే ప్యాడ్ పక్కకు వచ్చేస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఈ వంగి నిలవడం కష్టం. వాళ్లు ప్యాడ్ మీదే కూర్చుని, ఒక తుంటి ఎత్తి లాగేసుకోవచ్చు. కొంచెం మురికి ప్యాంటుకు అంటుతుంది, అంతే.

దిగేటప్పుడు ప్యాడ్ మళ్లీ వేసుకోవాలి. నిజం చెప్పాలంటే చాలామంది వేయరు. ప్రయాణం అయిపోయింది, దిగిపోదాం అనే తొందర. అందుకని దిగే పద్ధతిలో ప్యాడ్ లేకపోయినా పనిచేసే ఒక అలవాటు పెట్టారు: కాలు తిప్పొద్దు, ఎత్తి పెట్టు. సీటు మీద లేచి నిలబడ్డాక ఒళ్లు తిప్పాలంటే, బరువు చేతుల మీదికి తెచ్చి, పాదం ఎత్తి రెక్కవైపు చూసేలా మళ్లీ పెట్టాలి. ఒక మెలికకు బదులు రెండు చిన్న అడుగులు. నెలవంక అరుగుదల ఆగింది దీనివల్లే. ఖర్చు లేనిది, అందరికంటే ఆలస్యంగా అలవాటైంది కూడా ఇదే.

కాక్‌పిట్ నేల శుభ్రంగా ఉంటే దిగేటప్పటి బూటు కూడా శుభ్రంగా ఉంటుంది. తడి బురద ఎగిరే సమయంలో ఎండి, నేల మీద పొడి అవుతుంది, మళ్లీ బూటుకు అంటి సీటెక్కుతుంది. ఆ పొడి స్టిక్ గాడిలోంచి సీటు కిందికి, స్టిక్ కదలికను అందించే కడ్డీల (కంట్రోల్ లింకేజీల) మీదికి కూడా పోతుంది. స్టిక్ చుట్టూ గాడిని మూసే గుడ్డ తొడుగు లేని విమానంలో అది వేయించడం సీటు కవర్ కంటే ముందు చేయాల్సిన పని. నేల కార్పెట్ అంటించి ఉండాలి. వదులు మ్యాట్ పెడళ్ల దగ్గర వద్దు. వాడి పారేసే బూటు తొడుగులు అసలే వద్దు: రెక్క మీదా జారతాయి, బ్రేకు మీదా జారతాయి.

కొన్ని హోమ్‌బిల్ట్‌లలో కింది కుషన్ వెల్క్రోతో మాత్రమే ఉంటుంది. దాన్ని పైకి మడిచి, కింద ఉన్న సీటు పలక మీద అడుగు వేయడం మరో దారి. పలక పలచటి అల్యూమినియం. దాని కింద రిబ్‌లు (పలకను మోసే ఆధార పట్టీలు) ఎక్కడున్నాయో తెలిసి, తయారీదారు ఒప్పుకున్న చోటే కాలు పెట్టాలి. ఈ విమానంలో కొందరు పైలట్లు దీన్నే ఇష్టపడ్డారు, ప్రయాణికులకు మాత్రం ప్యాడే.

పడిన మరక తీయడం

బురదను తడిగా ఉండగా రుద్దకూడదు. ఎండనిచ్చి, మెత్తటి బ్రష్ ఉన్న వాక్యూమ్‌తో తీస్తే ముప్పావు వంతు పని అయిపోతుంది. మిగిలినదానికి లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక టీస్పూన్ న్యూట్రల్ పీహెచ్ సబ్బు కలిపి, నురుగు మాత్రమే గుడ్డతో తీసుకుని, మరక అంచు నుంచి మధ్యకు అద్దాలి. ఫోమ్ తడవకూడదు. తడిస్తే రోజుల తరబడి ఆరదు, కింద పలక తుప్పుకు దారి ఇస్తుంది. పైపూతగా మంట నిరోధకం పూసిన గుడ్డ అయితే నీటి కడుగులతో ఆ పూత కొట్టుకుపోవచ్చు. గుడ్డ ఏ రకమో తెలియకుండా తడపకపోవడమే మేలు.

ఆయిల్ మరక మీద మొక్కజొన్న పిండి చల్లి, కొన్ని గంటలు ఉంచి, వాక్యూమ్ చేసి, తర్వాత సబ్బు నురుగు. 100ఎల్ఎల్ (చిన్న విమానాల్లో వాడే పెట్రోలు) నీలి మరక అయితే కుషన్‌ను కాక్‌పిట్ బయటికి తెచ్చి గాలికి ఆరనివ్వాలి. అందులో సీసం ఉంటుంది, చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. ఆవిరి పోయేదాకా వాక్యూమ్ దగ్గరికి తేకూడదు, ఎండు బ్రష్‌తో రుద్దకూడదు.

ఏ ద్రవమైనా సీటు మీద స్ప్రే చేయకుండా గుడ్డ మీద స్ప్రే చేసి తుడవాలి. అమోనియా, అసిటోన్ లాంటివి కానపీ అక్రిలిక్‌కు తగిలితే సన్న పగుళ్లు వస్తాయి. సీటు మరక పోగొట్టబోయి కానపీ పాడుచేసుకోవడం చాలా ఖరీదైన శుభ్రత. మెరుపు కోసం సిలికోన్ పాలిష్ రాయొద్దు. అడుగు వేసే సీటు జారుడుగా ఉండకూడదు.

ఇతర విమానాల్లో

పైపర్ చెరొకీ, మూనీ ఎం20 లాంటి వాటిలో తలుపు ఒక్కటే, కుడి రెక్క మీద. పైలట్ ముందు ఎక్కి కుడి సీటు దాటి ఎడమకు జరగాలి. అందువల్ల ఎక్కువ దెబ్బ కుడి సీటుకే. కుడి సీటును పూర్తిగా వెనక్కి జరిపితే దాని ముందు నేల మీద ఎడమకాలు పెట్టే చోటు దొరుకుతుంది. అప్పుడు సీటు మీద అడుగే అక్కర్లేదు. కూర్చుని జరగొచ్చు. చెరొకీలో ఫ్లాప్ (రెక్క వెనక అంచున కిందికి వంగే పలక) పూర్తిగా పైకి లాక్ అయి ఉంటేనే అది కాలి బరువు మోస్తుంది, ఆ సంగతి ఎక్కేవాళ్లకు ముందే చెప్పాలి.

సెస్నా 172లో సీటు తొక్కాల్సిన పని లేదు. ముందు పక్కకు కూర్చుని, బూట్లు రెండూ బయటే ఒకదానికొకటి కొట్టి, కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. అక్కడ మురికి చేసే హాని సీటు పట్టాల్లో. పట్టా రంధ్రంలో మట్టి చేరితే లాక్ పిన్ పూర్తిగా దిగదు. టేకాఫ్‌లో సీటు వెనక్కి జారిన ప్రమాదాల వల్లే సెస్నా సీటు పట్టాల తనిఖీకి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2011-10-09 నంబరు ఆదేశం ఇచ్చింది. పట్టాలు వాక్యూమ్ చేయాలి. నూనె రాస్తే మట్టి ఇంకా పట్టేస్తుంది.

కొన్నాళ్లు వాడాక

కుషన్ మధ్యలో కొత్త మరకలు దాదాపు ఆగిపోయాయి. కొత్త కవర్‌లో నెలవంక అరుగుదల కనపడలేదు. ఎడమ ముందు మూల మాత్రం ఇంకా మురికవుతోంది. మోకాలు పైకెత్తమంటే అందరి వల్లా కాదు. అక్కడ మొత్తం కవర్ మార్చకుండా, మూల ఒక్కటే విడిగా విప్పి మార్చుకునేలా ముదురు రంగు వినైల్ ముక్క కుట్టించారు. తగిలేచోట తట్టుకునే గుడ్డ ఉండటమే దీనికి మందు.

మొదటిసారి ఎక్కే ప్రయాణికుడి దగ్గరే పద్ధతి ఎక్కువగా తప్పుతుంది. పైలట్ ఎడమ సీటులో కూర్చుని అటు చెబితే అతను వినే స్థితిలో ఉండడు, కాళ్లే చూసుకుంటుంటాడు. కాబట్టి ప్రయాణికుణ్ణి ముందు ఎక్కించాలి. పైలట్ కుడి రెక్క వెనక నేల మీద నిలబడి ఒక్కొక్క మాటే చెప్పాలి: టవల్ మీద తుడుచుకోండి. రెండు చేతులూ ఈ బార్ మీద. ఎడమకాలు ప్యాడ్ మీద. కుడికాలు నేల మీద. ఎడమకాలు స్టిక్ దాటించండి. ఇప్పుడు ప్యాడ్ పక్కకు లాగి నాకివ్వండి, కూర్చోండి. దిగేటప్పుడు పైలటే ముందు దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ప్యాడ్ తనే వేసి, "కాలు తిప్పకండి, ఎత్తి పెట్టండి" అని చెప్పేదాకా ప్రయాణికుడు బెల్టు విప్పకుండా కూర్చునే ఉండాలి.